ముద్రకానికి సిరాబుడ్డి

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అని మనకొక సామెత ఉంది. ఇంక్‌జెట్ ముద్రకాలు అమ్మేవారు ఆ సామెతను తలకిందులు చేసి తరగని వ్యాపారం కట్టుకున్నారు. ఏనుగును చౌకగా తోలుకొచ్చి మన గుమ్మంలో కట్టేస్తారు. అంకుశం మాత్రం వారి దగ్గరే, వారు చెప్పిన ధరకే కొనాలి. 2008లో నేను కొన్న ముద్రకం మూడువేల రూపాయల లోపే. దానికి నాలుగు కార్ట్రిడ్జీలు: నలుపు, నీలం, గులాబి, పసుపు. ఒక్కొక్కటి నాలుగు వందల పైచిలుకు. విప్పి చూస్తే (విప్పి చూసినవాణ్ణి కనుకనే చెబుతున్నాను) లోపల ఉన్న సిరా ఎనిమిది మిల్లీలీటర్లు. జ్వరం మందు పోసే చెంచాతో రెండు చెంచాలు కూడా నిండవు. లెక్క కడితే లీటరు సిరా యాభై వేల రూపాయల పైమాట. పెట్రోలు మీద రెండు రూపాయలు పెంచితే రాస్తారోకో చేసే జాతి మనది. ఈ సిరా ధర మీద ఎక్కడా ఒక్క ధర్నా అయినా జరిగినట్లు నాకు జ్ఞాపకం లేదు.

జరగకపోవడానికి కారణం ఉంది. సిరా ప్రియమైతే మన ఖర్చు పెరుగుతుందని అనుకుంటాం గాని, నిజానికి మనం అచ్చు వేయడమే మానేస్తాం. రైలు టిక్కెట్టు, పిల్లవాడి ధ్రువపత్రం, బ్యాంకువారు అడిగిన కాగితం, ఇవి అచ్చవుతాయి. మిత్రుడు పంపిన కథ, తాతగారి ఉత్తరాలు, రాత్రంతా కూర్చుని రాసుకున్న నాలుగు పుటలు, ఇవి తెర మీదనే ఉండిపోతాయి. అవసరమైనదానికి అనుమతి, ఇష్టమైనదానికి వాయిదా. మనలో ఎందరు తమ రాతలను తమ ఇంటి కాగితం మీద చూసుకున్నారో ఒక్కసారి తలచుకోండి. ఎవరూ మనల్ని వద్దనలేదు. కార్ట్రిడ్జి ధర గుర్తుకొచ్చి మనమే వద్దనుకున్నాం.

ఈ సంగతి నాకు స్పష్టంగా తెలిసివచ్చింది 2009లో. మా అమ్మకు అప్పటికి 71 ఏళ్ళు. రెండు కళ్ళలోనూ రెటీనా మధ్యభాగం క్షీణించసాగింది. ఈ జబ్బులో చూపు మొత్తంగా పోదు. అంచులు కనిపిస్తూనే ఉంటాయి. చూడదలచుకున్న చోట, నట్టనడుమ, మసక కమ్ముతుంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఆవిడ చదువు ఎనిమిదో తరగతి దాటలేదు. కాని కాపురానికి వచ్చిననాటి నుంచి మధ్యాహ్నం పనులు తెమిలాక పోతన భాగవతం ముందు పెట్టుకుని కూర్చోవడం ఆవిడకు అలవాటు. గజేంద్రమోక్షం, వామనచరిత్ర, ప్రహ్లాదచరిత్ర కంఠతా వచ్చు గదా, మళ్ళీ పుస్తకం ఎందుకని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. కంఠానికి వచ్చినది ఒక భాగమే, పుస్తకంలో ఉన్నది పన్నెండు స్కంధాలు అనేది.

భూతద్దం కొన్నాను. చెయ్యి వణికి అక్షరాలు ఈదేవి. పారాయణం సీడీలు తెచ్చాను. నాలుగు రోజులు విని పక్కన పెట్టింది.

"వాళ్ళు చదువుతుంటే నేను వినాలిరా నాన్నా. ఆగమంటే ఆగరు. నేను చదువుకుంటే ఒక్క పద్యం దగ్గరే సాయంత్రం దాకా కూర్చుంటాను" అంది.

కంటివైద్యుడు చెప్పినది రెండు మాటలు. అక్షరం పెద్దదిగా, నల్లగా, దట్టంగా ఉండాలి. పంక్తులకు ఎడమ అంచున ఎర్రని నిలువు గీత ఒకటి ఉంటే, చూపు పంక్తి చివర నుంచి వెనక్కి వచ్చినప్పుడు దారి తప్పకుండా ఆ గీత దగ్గర ఆగుతుంది. పెద్ద అక్షరాల భాగవతం అని అమ్మేవి తెచ్చి చూశాను. ప్రచురణకర్తల దృష్టిలో పెద్ద అక్షరం మా అమ్మ కంటికి చీమతలకాయ. ఇక ఇంట్లో అచ్చు వేయడం తప్ప దారి కనిపించలేదు.

అసలు లెక్క అక్కడ మొదలైంది. మామూలు పుస్తకంలో అక్షరం 11 పాయింట్లు ఉంటుందనుకుందాం. అమ్మ సుఖంగా చదవగలిగినది 33. అక్షరం మూడింతలైతే పుటలు మూడింతలు కావు, తొమ్మిదింతలు అవుతాయి. ఎత్తూ పెరుగుతుంది, వెడల్పూ పెరుగుతుంది గదా! ఒక్కో పుట మీద పడే సిరా మాత్రం ఇంచుమించు మారదు. అక్షరాలు తగ్గినా ఒక్కో అక్షరం అంత లావెక్కుతుంది. అంటే పుస్తకం మొత్తానికి సిరా కూడా తొమ్మిదింతలు. అష్టమస్కంధం ఒక్కదానిలోనే ఏడు వందలకు పైగా పద్యగద్యాలు ఉన్నాయి. వృత్తమైతే పుటకొకటి, వచనమైతే కొన్నిచోట్ల నాలుగైదు పుటలు. ఎటు చూసినా వెయ్యి పుటలు దాటుతుంది. నా కార్ట్రిడ్జీల లెక్కన పుటకు మూడు రూపాయలు. ఒక్క స్కంధానికి ముద్రకం ఖరీదంత సిరా. ఇంకా పదకొండు స్కంధాలు మిగిలి ఉండగా!

"అంత ఖర్చెందుకురా, గజేంద్రమోక్షం ఒక్కటీ వేసి ఇయ్యి చాలు" అంది అమ్మ. సిరా ధర ఒక మనిషి కోరికను ఎలా కత్తిరిస్తుందో నేను ఆ రోజున కళ్ళారా చూశాను.

లేజరు ముద్రకం కొనవచ్చు గదా అని అడగబోయేవారికి: నల్ల అక్షరాలు మాత్రమే కావలసివస్తే లేజరే మేలు, అందులో వాదం లేదు. దాని అచ్చు తడికి చెదరదు, వెలగదు. మాకు ఎర్ర గీత కావాలి. రంగుల లేజరు ధర ఆనాడు నా వంటివాడి ఇంటి గడప తొక్కేది కాదు. జిరాక్సు దుకాణంలో పెద్దది చేయించడమూ ప్రయత్నించాను. ఏ4 పుటను ఏ3కి పెంచితే అక్షరం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు. కాగితం మాత్రం ఒళ్ళో పట్టదు.

ఆ వెతుకులాటలో సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాను. కంప్యూటరు విడిభాగాలకు హైదరాబాదులో అదే కాశీ. అక్కడ ఒక ఇరుకు దుకాణంలో ఒక ముద్రకం పక్కన నాలుగు గదుల ప్లాస్టిక్కు డబ్బా, దాంట్లో నాలుగు రంగుల సిరా, దాన్నుంచి సన్నని గొట్టాలు పట్టీలా కలిసి మూత కిందుగా లోపలికి పోవడం చూశాను. రోగికి సెలైను ఎక్కిస్తున్నట్లుంది. ఫోటో స్టూడియోలవారు, పెళ్ళిపత్రికలవారు అప్పటికే విరివిగా వాడుతున్నారట. సిఐఎస్ఎస్ అన్నాడు దుకాణం కుర్రవాడు. నిరంతర సిరా సరఫరా వ్యవస్థ అని ఎవరైనా అనువదించవచ్చు గాని, అది నీటిపారుదల శాఖవారి పథకంలా వినిపిస్తుంది. నేను మా ఇంట్లో అఖండధార అని పేరు పెట్టుకున్నాను. గొట్టాలు, డబ్బా, చిప్పులు అన్నీ కలిపి పదిహేను వందలు. వంద మిల్లీలీటర్ల సిరా సీసా నూట ఇరవై.

ఈ నూట ఇరవైని పాత లెక్కలో పెట్టి చూడండి. సీసా సిరాతో రెండు వేల పుటలు, శుభ్రతకు పోయేది తీసేసినా వెయ్యికి తక్కువ కాదు. పుటకు పది పన్నెండు పైసలు. కాగితం ఒక్కటి ముప్పై రెండు పైసలు పడేది. మా ఇంట్లో మొదటిసారిగా సిరాకన్నా కాగితం ప్రియమైంది. కలం పుట్టిననాటి నుంచి లోకంలో ఉండవలసిన తీరు అదే గదా!

ఇది పనిచేసే తీరు చెబుతాను. మనలో సిరాకలం వాడినవారికి ఇది కొత్త కాదు. 1930లలో స్వదేశీ పిలుపు విని రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు మొదలుపెట్టిన రత్నం కలాలు ఎరిగినవారికి మరీ తేలిక. ఆ కలానికి లోపల రబ్బరు సంచి గాని, వేరే గొట్టం గాని ఉండవు. పీక విప్పి, చుక్కలగొట్టంతో కలం బొందెలోనే సిరా పోస్తాం. బొందె అంతా సిరాబుడ్డే. సిరా తగ్గి లోపల గాలి పెరిగినప్పుడు, చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి పాళీ మీదికి ఒక బొట్టు తోస్తుంది. పరీక్షహాలులో చొక్కాజేబు నీలమైనవారందరికీ ఈ భౌతికశాస్త్రం తెలుసు.

ముద్రకపు హెడ్డుకు కింద వెంట్రుకకన్నా సన్నని రంధ్రాలు ఉంటాయి. సిరా ఆ రంధ్రాల అంచున నిలిచి ఉండాలి. కారకూడదు, లోపలికి జారిపోకూడదు. అందుకు లోపల పీడనం బయటి గాలికన్నా రవ్వంత తక్కువగా ఉండాలి. మామూలు కార్ట్రిడ్జిలో ఆ పని స్పాంజి వంటి ఏర్పాటు ఏదో చేస్తుంది. అఖండధారలో ఆ పని చేసేది ఎత్తు. డబ్బా ముద్రకం నిలిచిన బల్ల మీదే, హెడ్డుకన్నా కాస్త దిగువన ఉండాలి. మరీ దిగువన పెడితే సిరా వెనక్కి పోయి గొట్టాలలో గాలి చేరుతుంది. పైన పెడితే సైఫను పుట్టి డబ్బా అంతా హెడ్డు గుండా కారిపోతుంది.

డబ్బాలో సిరా తగ్గేకొద్దీ ఎత్తు మారదా అన్న సందేహం నాకూ వచ్చింది. డబ్బాను తిరగేసి చూస్తే జవాబు దొరికింది. ప్రతి రంగుకూ రెండు గదులు ఉన్నాయి. పెద్ద గదికి రబ్బరు బిరడా బిగించి ఉంటుంది. చిన్న గది గాలికి తెరచి, పైన వడపోత తొడిగి ఉంటుంది. రెండింటికీ అడుగున దారి ఉంది. పెద్ద గది నుంచి సిరా పోయినంత మేరకు చిన్న గది గుండా గాలి బుడగలై లోపలికి వస్తుంది. దానితో సిరా నిండుగా ఉన్నా, అడుగంటబోతున్నా, హెడ్డుకు తెలిసే ఎత్తు ఆ అడుగు దారి ఎత్తే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ పేర పాఠ్యపుస్తకాలలో ఉన్న సీసా ఇదే. మూడు వందల ఏళ్ళ నాటి ఆ సీసాను ఆనాడు పార్క్‌లేన్‌లో పదిహేను వందలకు అమ్మారు. కొత్త సిరా పోసేటప్పుడు చిన్న గది మూసి, పెద్దది తెరవాలి; పోయడం అయ్యాక పెద్దది బిగించి, చిన్నది తెరవాలి. వరుస తప్పితే వడపోత లోంచి సిరా పైకి తన్నుతుంది. ఎండ పడే కిటికీ దగ్గర డబ్బా ఉంచకూడదు. ఎందుకో రత్నం కలం వాడినవారికి నేను చెప్పనక్కరలేదు.

"ట్యాంకు మాత్రం పైకి లేపొద్దు సార్. ఒక్కసారి లేపితే అంతా ఉరికొస్తది" అని దుకాణం కుర్రవాడు పదిసార్లు చెప్పి పంపాడు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఆ ఉపదేశం అందలేదు. రెండో నెలలో బల్ల తుడుస్తూ, అడ్డంగా ఉందని డబ్బాను తీసి ముద్రకం నెత్తిన పెట్టింది. తుడవడం అయ్యాక ఒద్దికగా అక్కడే వదిలేసింది. నేను వచ్చేసరికి ముద్రకం అడుగు నుంచి నాలుగు రంగులూ కలిసిన ఒక మట్టిరంగు ధార బల్ల దిగి, గోడవారగా వరండా దాకా ప్రయాణం చేసింది. అరవై డెబ్భై రూపాయల సిరా పోయింది. అదే కార్ట్రిడ్జి ధరకు కొన్న సిరా అయితే ఆ వరద ఖరీదు ఎంతో నేను లెక్క వేయదలచుకోలేదు. పాపం ఆవిడ నెలరోజులు ఆ గదిలోకి రావడానికి జంకింది.

ఇక పుట కూర్పు. పాఠం యూనికోడ్‌లో దొరికినంత మేరకు తీసుకుని, ఇంట్లోని పుస్తకంతో సరిచూసుకుంటూ, దొరకని ఘట్టాలు లేఖినిలో టైపు చేసుకుంటూ పోయాను. విండోస్‌తో వచ్చే గౌతమి ఖతి గీతలు మరీ సన్ననివి. పెద్దవి చేసినా అమ్మ కంటికి ఆనలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు ఉచితంగా ఇచ్చిన పోతన ఖతి ఆనింది. పోతన పద్యానికి పోతన ఖతి కుదరడం నాకు లోపల్లోపల సంతోషం కలిగించిందని ఒప్పుకుంటాను.

33 పాయింట్ల అక్షరాలలో ఉత్పలమాల పాదం ఒక పంక్తిలో పట్టదు. కంప్యూటరుకు వదిలేస్తే చోటు అయిపోయిన దగ్గర ఎక్కడో ఒక చోట విరుస్తుంది; చదివేవారికి గుక్క తప్పుతుంది. నేను యతి దగ్గర విరిచాను. ఉత్పలమాలలో తొమ్మిది అక్షరాలు పై పంక్తి, యతిస్థానమైన పదో అక్షరంతో కింది పంక్తి మొదలు. చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. మన యతి అక్షరమైత్రే తప్ప విరామం కాదు కనుక, చాలాచోట్ల మాట మధ్యకు తెగేది. అది కంటికి వికారంగా ఉంటుందేమోనని కొన్ని పుటలు మాట విరిగిన చోటనే విరిచి కూడా చూపించాను. అమ్మ రెండూ చదివి చూసి, యతి దగ్గర విరిచినదే ఉంచమంది. కింది పంక్తి మొదటి అక్షరం మసకలో పోయినా, పై పంక్తి మొదటి అక్షరాన్ని బట్టి అదేమిటో తట్టుతోందట. ఛందస్సు కంటిచూపుకు ఊతకర్ర అవుతుందని ఏ లక్షణకర్త అయినా రాశాడో లేదో!

ఎడమన ఎర్ర గీత, పద్యం మొదట ఉ., చ., మ., క. అని ఛందస్సు గుర్తు కూడా ఎర్రగా. ఎరుపు అంటే గులాబి, పసుపు కలిసినది. ఆ రెండూ ఖర్చవుతున్నాయి, నలుపు సరేసరి, నీలానికి మాత్రం పని లేదు. పని లేని సిరా గొట్టంలో నిలవై, రంధ్రాలలో ఎండి, హెడ్డును పాడుచేస్తుంది. వారానికొకసారి ఊరికే నీలపు చతురస్రం ఒకటి అచ్చువేసి పారేయమని అందరూ చెప్పేవారు. పారేయడమెందుకని ప్రతి ఘట్టం చివర చిన్న నెమలిపింఛం పెట్టాను. పింఛం వచ్చిందంటే కథ అయిపోయిందని అమ్మకు గుర్తు, హెడ్డుకు మందు.

కాగితానికి ఒక వైపే వేయగలం. పల్చని కాగితం మీద సిరా వెనక్కి చూరుతుంది, వెనకటి అక్షరాల నీడ ముందు పుటలో కలిసి మసకకు మసక తోడవుతుంది. అయితే అసలు చిక్కు ఇంకొకటి. అమ్మకు వేలు నాలుకకు తడిచేసుకుని పుట తిప్పే అలవాటు. చౌక సిరా నీటిలో కరిగే రంగు. వారం తిరిగేసరికి ఆవిడ చూపుడువేలు నల్లన, ప్రతి పుట కుడి మూలా నల్లన. డెబ్భై ఏళ్ళ అలవాటు మాన్పించడం కన్నా సిరా మార్చడం తేలిక అనిపించింది. నల్ల గదిలో మాత్రం పిగ్మెంటు సిరా పోశాను. ఇందులో రంగు కరిగి ఉండదు, పొడిగా తేలుతూ ఉంటుంది. ఆరాక కాగితం పట్టుకుని ఉంటుంది, తడికి ఊడదు. మూడింతల ధర. అయినా పుటకు ముప్పై పైసలే. ఇది రంధ్రాలలో ఇంకా త్వరగా గడ్డకడుతుంది కనుక రోజూ నాలుగు పుటలైనా వేయాలి. మాకు రోజూ పది పుటల పని ఉండనే ఉంది. ఎర్ర గీతలు మాత్రం పాత సిరాతోనే వేశాను. కిటికీ పక్కన అమ్మ కూర్చునే చోట ఉన్న పుటలలో ఏడాదికల్లా గులాబి వెలిసిపోయి గీత నారింజకు, ఆపై పసుపుకు తిరిగింది. వందేళ్ళు నిలవాలనుకున్న కాగితానికి ఈ సిరా పనికిరాదు. చదివే మనిషి కోసం వేసే కాగితానికి పనికివస్తుంది.

కార్ట్రిడ్జి మీద చిప్పు సంగతి కూడా చెప్పాలి. అది లోపల ఉన్న సిరాను కొలవదు. ఇన్ని చుక్కలు పడ్డాయి గనుక అయిపోయి ఉండాలి అని లెక్క కట్టి, సిరా అయిపోయిందని ప్రకటిస్తుంది. ఈ గొట్టాల సరంజామాతో వచ్చే చిప్పు, లెక్క సున్నాకు రాగానే మళ్ళీ నిండు అని చెప్పడం మొదలుపెడుతుంది. అబద్ధానికి అబద్ధం. అంతకన్నా గడుసుది ఇంకొక లెక్క. హెడ్డు శుభ్రం చేసుకున్నప్పుడల్లా ముద్రకం కొంత సిరాను అడుగున పరచిన మెత్త మీదికి వదులుతుంది. ఆ మెత్త నిండి ఉంటుందని తనకు తోచగానే రెండు దీపాలు మార్చి మార్చి వెలిగించి పని మానేస్తుంది. 2011లో సప్తమస్కంధం సగంలో, హిరణ్యకశిపుడి కొలువులో, మా ముద్రకం అలా ఆగింది. ఆ తయారీదారుల సేవాకేంద్రంలో పెట్టె విప్పకుండానే, దీని ఆయుష్షు తీరింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. పార్క్‌లేన్ కుర్రవాడు ఆ మెత్తకు పోయే గొట్టాన్ని బయటికి లాగి ఖాళీ నీళ్ళసీసాలో పెట్టి, ఏదో సాఫ్టువేరుతో లెక్కను సున్నా చేసి, రెండు వందలు తీసుకున్నాడు. ఆయుష్షు తీరిన ఆ ముద్రకం ఇంకో మూడేళ్ళు బతికింది.

దాన్ని చివరకు చంపినది కరెంటు. 2012, 2013 వేసవులలో కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. పుట మధ్యలో కరెంటు పోతే హెడ్డు తన గూటికి చేరదు. మూత లేని కలంలా దారిలో నిలబడిపోతుంది. రెండు గంటల కోతకు రంధ్రాలు ఎండుతాయి. యూపీఎస్ కొన్నాను గాని అప్పటికే నల్ల వరుసలో సగం రంధ్రాలు పూడిపోయాయి. అక్షరాల మీద తెల్లని అడ్డగీతలు వచ్చేవి. మామూలు కన్ను వాటిని సర్దుకుంటుంది, అమ్మ కన్ను సర్దుకోలేదు.

2014లో కొన్న ముద్రకానికి గొట్టాలు బయట లేవు. సిరాగదులు పెట్టెకే అతికించి, తయారీదారులే పంపారు. నేను కొన్నది పదివేల దాకా అయింది. ఏనుగు తన అసలు ధరకు వచ్చింది, అంకుశం చవకైంది. ఈ మార్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోదగ్గది. ఇండొనేషియాలో వీధి దుకాణాలవారు ముద్రకాలకు గొట్టాలు తగిలించి అమ్మడం అంతగా ప్రబలింది. దానితో ఎప్సన్ సంస్థ 2010లో మొదట ఆ దేశంలోనే ఎల్100, ఎల్200 అనే సిరాట్యాంకు ముద్రకాలను విడుదల చేసింది. 70 మిల్లీలీటర్ల సీసాలతో సిరా అమ్మింది. ఆపై అవి మన దేశానికీ వచ్చాయి. అమెరికా విపణికి 2015లో గాని చేరలేదు. కానన్, హెచ్‌పీ కూడా ఆ వెనువెంటనే ట్యాంకులు పెట్టాయి. ఇవాళ మన ఊళ్ళలో ఏ జిరాక్సు దుకాణంలో చూసినా ట్యాంకు ముద్రకమే. జకార్తాలో, పార్క్‌లేన్‌లో పేరు లేని కుర్రవాళ్ళు డ్రిల్లుతో రంధ్రాలు చేసి నేర్పిన పాఠాన్ని పెద్ద సంస్థలు నేర్చుకున్నాయి. గురుదక్షిణ ఏమీ ముట్టినట్లు లేదు.

అమెరికాలో ఉన్న మా పినతల్లి కొడుకు ఆ రోజుల్లో, కార్ట్రిడ్జీలు అయిపోయిన ప్రతిసారీ తగ్గింపు ధరలో కొత్త ముద్రకమే కొనేవాడు. కార్ట్రిడ్జీల కన్నా అదే చౌక అనేవాడు. ఆ దేశంలో ఈ పోరు కోర్టుల దాకా వెళ్ళింది. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ముద్రకాలు కొన్ని ఉన్నట్టుండి ఇతరుల కార్ట్రిడ్జీలను తిరస్కరించాయి. గగ్గోలు పుట్టాక ఆ అడ్డు తీసేసే మార్గం ఆ సంస్థే ఇవ్వవలసివచ్చింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ టోనరు కార్ట్రిడ్జీల కేసులో, ఒకసారి అమ్మిన వస్తువు మీద అమ్మినవారి పేటెంటు హక్కు అంతటితో తీరిపోతుందని తీర్పు చెప్పింది. కొన్నవాడు నింపుకోవచ్చు, మళ్ళీ అమ్ముకోవచ్చు. కలం కొన్నవాడు తనకు నచ్చిన సిరా పోసుకోవడానికి రత్నం గారి అనుమతి ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద న్యాయస్థానం కావలసివచ్చింది.

కొత్త ముద్రకం మీద దశమస్కంధం పూర్వభాగం పూర్తయింది. అమ్మ చూపు అప్పటికి ఇంకాస్త తగ్గి 33 పాయింట్లు చాలక 48కి వెళ్ళాం. ఒక్కో వృత్తానికి రెండు పుటలు. పుటలు ఎంత పెరిగినా వెరవనక్కర లేకపోవడం ఆ రోజుల్లో నేను అనుభవించిన ఐశ్వర్యం. ట్యాబ్లెట్టు కూడా తెచ్చి చూపించాను. అందులో అక్షరం ఎంత కావాలంటే అంత పెరుగుతుంది గదా అన్నాను. వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోందని, పైగా వేలు తగిలితే పద్యం పారిపోతోందని తిరిగి ఇచ్చేసింది. ఆ విషయంలో ఇప్పటి పెద్దవాళ్ళు చాలామంది ఆవిడతో ఏకీభవించరు. వారికి తెరే సుఖం.

ఉత్తరభాగంలో కుచేలోపాఖ్యానం దగ్గర, 2016 చివర, ఆవిడ చదవడం ఆపేసింది. చూపు ఇక అక్షరాన్ని పట్టలేదు. అచ్చు వేసి సిద్ధంగా ఉంచిన పుటలు ఇంకా రెండు వందల దాకా ఉన్నాయి. ఆపైన ఆవిడ జీవించిన రెండేళ్ళూ నేను చదువుతుంటే వినేది. ఆగమన్న చోట ఆగేవాణ్ణి.

సంపుటాలు మొత్తం పందొమ్మిది, స్పైరలు బైండింగు. ఇప్పుడు అవి మా ఇంట్లో లేవు. మా వీధి చివర ఉండే పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారి దగ్గర అష్టమస్కంధం, వారి వదినగారి దగ్గర దశమం ఉన్నాయి. మిగతావి ఎక్కడ తిరుగుతున్నాయో వారికే తెలియాలి. మాస్టారుగారు క్రిందటి నెల ఫోను చేసి, మొల్ల రామాయణం ఇదే కొలతలో కావాలి, ఎర్ర గీత మాత్రం కాస్త లావుగా పెట్టగలవా నాయనా అని అడిగారు. టైపు చేయడం సుందరకాండ దాకా వచ్చింది. నల్ల సీసా ఒకటి, గులాబి ఒకటి కొనవలసి ఉంది.